గోధుమ పడని వారు



"పడదు" అను మాట మన తెలుగిండ్లలో నిత్యము వినబడుచుండును. ఒకరికి వంకాయ పడదు. ఒకరికి పెరుగు పడదు. మరియొకరికి చన్నీళ్ల స్నానము పడదు. అట్టి మాట చెవిని బడినప్పుడు మనము నవ్వి యూరకుందుము, లేదా "అయినచో మానివేయరాదా" యని సలహా చెప్పుదుము. నేను నేడు ప్రస్తావింపబోవు విషయమున ఈ రెండును పొరపాట్లే. అది గోధుమ పడకపోవుట. దానిని నవ్వి విడిచిపెట్టినచో శరీరము క్షీణించును. పరీక్ష చేయింపక తొందరపడి గోధుమను మానివేసినచో వ్యాధి యొక్క ఆనవాలు చెరిగిపోవును. ఆ రెండు పొరపాట్లును మా యింటనే జరిగినవి. మొదటిది నేను చేసినది; రెండవదానిని చూచుచు ఊరకుంటిని. అందుచేత వైద్యునిగా మాత్రమే గాక, తప్పుచేసి తెలిసికొన్నవానిగా కూడ మీతో మాటలాడుచున్నాను.

నా చెల్లెలి కాపురము ఉత్తరదేశమున నొక పట్టణములో. అచ్చట ఉదయము పరోటా, మధ్యాహ్నమును రాత్రియు రొట్టె. నా మేనకోడలు చంటితనము గడచి తిండికి అలవాటుపడిన నాటినుండియు గోధుమ తినుచునే పెరిగినది. పెరిగినది అనుటకంటె పెరుగలేదు అనుటయే సరి. రెండేండ్లు నిండునప్పటికి బరువు నిలిచిపోయినది. కాలుచేతులు పుల్లలు, పొట్ట మాత్రము కుండ. విరేచనము రోజునకు మూడు నాలుగు మారులు, పాలిపోయి, జిడ్డుగా, దుర్గంధముతో అగుచుండెడిది. ఆరవయేట బడిలో వరుసను నిలిచినప్పుడు నాలుగేండ్ల పిల్లలకు సమానముగా కనబడుచుండెను. ముఖమున రక్తము లేదు. రక్తహీనత యని నేనే గుర్తించి, ఇనుము కలిసిన మందు వ్రాసి పంపితిని. ఆరు నెలలు వాడినను రక్తము పట్టలేదు. నులిపురుగులకు మందిచ్చితిని, గుణము లేదు. "మందు సరిగా పోయుట లేదేమో" యని చెల్లెలిని మందలించితిని. తల్లిని మందలించుట వైద్యునకు సులభము. తన నిర్ణయమును తానే శంకించుకొనుట కష్టము.

ఏటేట వేసవి సెలవులకు ఆ బిడ్డ గోదావరి ప్రక్కనున్న మా యూరికి వచ్చెడిది. రెండు నెలలు అన్నము, పప్పు, చారు, మజ్జిగ. నెల తిరుగక మునుపే విరేచనములు కట్టుకొనెడివి, బుగ్గలు నిండెడివి, తూనీగల వెంట పరుగెత్తెడిది. "అంతయు గోదావరి నీళ్ల మహిమ" యని ఇంటిల్లిపాదియు సంతోషించెడివారము. నేనును తల యూచితిని. తిరిగి వెళ్లిన మూడవ నెలకు వ్యాధి మొదటికి వచ్చెడిది. మూడు వేసవులు ఇట్లు గడచిన పిదప, ఒకనాడు మా అమ్మ విస్తళ్లు తీయుచు, "నీళ్లు కాదురా అబ్బాయీ. అక్కడా కాచిన నీళ్లే తాగుతోంది కదా. ఇక్కడ లేనిదల్లా ఆ రొట్టె. అది దానికి పడటం లేదేమో చూడు" అన్నది. ముప్పదియేండ్లు వైద్యము చేసి నేను చూడజాలనిదానిని, విస్తరిలో వడ్డించు మనిషి చూచినది.

ఇటువంటి చూపే వైద్యశాస్త్రమునకు ఒక మహోపకారము చేసినది. హాలెండు దేశమున హేగ్ నగరములోని పిల్లల ఆస్పత్రిలో విలెమ్ డికె అను వైద్యుడు ఉండెను. ఇట్టి పిల్లలకు గోధుమ హాని చేయుచున్నదేమో యను అనుమానము ఆయనకు 1930 తరువాతి సంవత్సరములలోనే కలిగినది. 1944-45 శీతకాలమున, జర్మనుల ఆక్రమణలో నున్న ఆ దేశపు పడమటి నగరములకు ఘోరమైన కరవు వచ్చెను. రొట్టె దొరకక జనులు తులిపు పూలమొక్కల దుంపలను సైతము తినిరి. ఊరెల్ల కృశించుచుండగా, ఈ వ్యాధి గల పిల్లలు మాత్రము కోలుకొనిరి. రొట్టె తిరిగి వచ్చినప్పుడు వారి వ్యాధియు తిరిగి వచ్చెను. డికె ఆ సంగతిని కథగా చెప్పుకొని ఊరకుండక, పిల్లలు తినిన ఆహారమును మార్చి మార్చి చూచి, ఫలితములను లెక్కగట్టి, 1950లో యుట్రెక్టు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన గ్రంథమున గోధుమయే హేతువని చూపెను. వ్యాధి లక్షణములను అంతకు చాల మునుపే, 1888లో, లండను వైద్యుడు శామ్యూల్ గీ చక్కగా వర్ణించియుండెను. దీని పేరు సీలియాక్ వ్యాధి. ఉదరసంబంధమైనదని అర్థమిచ్చు గ్రీకు మాటనుండి ఆ పేరు వచ్చినది.

గోధుమలో ఇంత చెరుపు చేయునది యేదియో ఇంటనే చూడవచ్చును. కొంచెము చపాతీముద్దను నీళ్లగిన్నెలో పిసుకుచు కడుగుడు. తెల్లని పిండి నీళ్లలో కలిసిపోయి, చేతిలో బంకవలె సాగు ముద్ద మిగులును. అదియే గ్లూటెన్. చపాతీ చిరుగక సాగుటకును, రొట్టె పొంగుటకును అదియే కారణము. గోధుమయందే గాక, బార్లీ అని మనము పిలుచు యవలలోను, రై అను ధాన్యములోను ఈ జాతి మాంసకృత్తులే యున్నవి.

మన చిన్నప్రేవు లోపలి పొర నున్నగా ఉండదు. మఖమలు గుడ్డవలె సన్నని నూగుతో నిండియుండును. ఆ నూగే అన్నసారమును పీల్చి రక్తమునకు అందించును. సీలియాక్ వ్యాధి గలవారిలో, శరీరరక్షణకై యున్న కణములు గ్లూటెన్‌ను శత్రువుగా భ్రమించి పోరాడుచు, ఆ పోరాటమున స్వంతప్రేవునే దెబ్బతీయును. నూగు అరగి చదునగును. ఇక ఎంత తిన్నను ఒంటబట్టదు. ఇనుము పీల్చబడదు గనుక రక్తహీనత. సున్నపు ధాతువు పీల్చబడదు గనుక ఎముకల బలహీనత. క్రొవ్వు పీల్చబడదు గనుక జిడ్డు విరేచనము. నా మందు నా మేనకోడలికి ఏల పనిచేయలేదో ఇప్పుడు మీకు తెలిసియే యుండును. చిల్లికుండలో నేను నీరు పోయుచుంటిని.

ఇక గుర్తింపవలసిన చిహ్నములను చెప్పెదను. పసిపిల్లలలో పొట్ట ఉబ్బుట, విడువని విరేచనములు, వాంతులు, బరువు పెరుగకుండుట, తినకుండుట, ఊరక విసుగుచు ఏడ్చుట ముఖ్యమైనవి. ఎదుగు పిల్లలలో కడుపులక్షణములు స్వల్పముగా నుండి, పొట్టిగా నిలిచిపోవుటయు, ఈడేరుట ఆలస్యమగుటయు మాత్రమే కనబడవచ్చును. శాశ్వతదంతములపై పింగాణీవంటి పూత లోపించి గాట్లు, మచ్చలు పడుటయు ఒక ఆనవాలే.

పెద్దలలో ఈ వ్యాధి మారువేషగాడు. కడుపుబ్బరము, విరేచనములు ఉండవచ్చును; అవి లేక మలబద్ధకమే ఉండవచ్చును. మనిషి బక్కచిక్కియే యుండవలెనను నియమము లేదు. ఎంత ఇనుము మ్రింగినను తగ్గని రక్తహీనత, కారణము తెలియని నిస్త్రాణ, నోటిలో మాటిమాటికి వచ్చు పుండ్లు, చిన్నవయసుననే ఎముకలు బోలుపడుట, చేతులుకాళ్లు తిమ్మిరెక్కుట, పదే పదే గర్భము పోవుట, సంతానము కలుగకుండుట, కాలేయపు పరీక్షలలో హేతువు తెలియని హెచ్చు—ఇవి వేరువేరు వైద్యుల గుమ్మములకు పోవు బాధలు. వీనియన్నిటి వెనుక ఒక్క రొట్టెముక్క దాగియుండవచ్చునని తోచుట కష్టము. మోచేతులపైనను, మోకాళ్లపైనను, పిరుదులపైనను విపరీతమైన దురదతో చిన్నచిన్న పొక్కులు గుంపుగా లేచుట కూడ ఈ వ్యాధికే చర్మముపై గల రూపము. దానిని గజ్జి యని ఏండ్లతరబడి పూతలు పూయువారు కలరు.

ఇంకొకటి. ఇంట ఒకరికి ఈ వ్యాధి యున్నచో, వారి తల్లిదండ్రులకును, తోబుట్టువులకును, బిడ్డలకును లక్షణములు లేకున్నను పరీక్ష చేయించుట మేలు. చిన్నతనముననే ఇన్సులిన్ సూదిమందుపై ఆధారపడు మధుమేహము గలవారిలోను, శరీరరక్షణకణములే గళగ్రంథిని దెబ్బతీయు థైరాయిడు వ్యాధి గలవారిలోను ఇది ఇతరులకంటె తరచుగా కనబడును.

"ఇది రొట్టె తినువారి వ్యాధి, అన్నము తిను తెలుగువారికి దీనితో నేమి పని?" యని మీలో కొందరు అనుకొనుచుందురు. నేనును అట్లే అనుకొన్నవాడను. 2016లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో మన దేశపు ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతములలో 23,000కు పైగా ఆరోగ్యవంతులైన వయోజనులను పరీక్షించిరి. ఈ వ్యాధికి ఆనవాలైన ప్రతిపదార్థములు రక్తమున ఉత్తరమున నూటికి 1.23 మందికిని, ఈశాన్యమున 0.87 మందికిని, దక్షిణమున 0.10 మందికిని కనబడెను. కాని ఈ వ్యాధి కలుగుటకు ఉండితీరవలసిన జన్యువులు మూడు ప్రాంతములందును నూటికి 30 మందికి పైగా ఉన్నవి.  మరి భేదమెచ్చట? పళ్లెములో చూడుడు. గోధుమ వాడుక దినమునకు సగటున ఉత్తరమున 455 గ్రాములు, దక్షిణమున 25 గ్రాములు. ఐనను గోధుమ కొలత యొక్కటియే సర్వమును చెప్పజాలదు. ఈశాన్యమున 37 గ్రాములే తినుచున్నను వ్యాధి అంత తక్కువగా లేదు. ఇంతమాత్రము చెప్పవచ్చును: మనము తప్పించుకొనుట మన రక్తపు గొప్పతనము చేత కాదు. నేడు చక్కెరవ్యాధి పేర రాత్రి అన్నమునకు బదులు చపాతీ తినని యిల్లు అరుదు. పిల్లల చేతిలో బిస్కత్తు, పలహారమునకు మైదా పూరీ, బడి విడిచిన పిదప నూడిల్సు. ఢిల్లీలోను, బొంబాయిలోను, అమెరికాలోను కాపురమున్న మనవారి సంగతి చెప్పనక్కరలేదు. తిండి మారినప్పుడు వైద్యుని అనుమానము కూడ మారవలెను.

అయితే గోధుమ తిన్న పిదప కలుగు ప్రతి బాధయు సీలియాక్ వ్యాధి కాదు. మూడు భేదములు గుర్తుంచుకొనుడు. మొదటిది నేను వర్ణించిన సీలియాక్ వ్యాధి. ఇందు ప్రేవు దెబ్బతినును. రెండవది గోధుమ అలర్జీ. తిన్న నిమిషములలోనో, కొద్ది గంటలలోనో దద్దురులు లేచుట, పెదవులు వాచుట, ఊపిరాడకుండుట దీని గురుతులు. ఊపిరాడనప్పుడు క్షణమైన ఆలసింపక ఆస్పత్రికి పోవలెను. మూడవది, ప్రేవు దెబ్బతినకయే, పరీక్షలు నిర్దోషముగా నుండియు, గోధుమ తిన్నచో కడుపుబ్బరము, తలనొప్పి, మాంద్యము కలుగుట. దీనిని గ్లూటెన్ అసహనము అందురు గాని, ఇందు గ్లూటెన్‌యే దోషి యనుటకు లేదు. 2018లో ప్రకటింపబడిన నార్వే దేశపు ఒక పరిశోధనలో, తమకు గ్లూటెన్ పడదని నమ్మినవారికి తెలియకుండ రుచి యొకటిగా నుండు పలహారములను వేరువేరుగా పెట్టి చూడగా, వారిని ఎక్కువ బాధించినది గ్లూటెన్ కాదు. గోధుమలోను, ఉల్లివెల్లుల్లులలోను ఉండు ఫ్రక్టాన్ అను ఒక విధమైన పిండిపదార్థము. ఈ మూడవ తెగ వారు బాధను బట్టి గోధుమను తగ్గించుకొన్న చాలును. మొదటి తెగ వారు బ్రతికినంతకాలము కణమైన తినరాదు. కనుక ఏ తెగవారో ముందుగా తెలియవలెను.

ఇచ్చటనే మా యింట రెండవ పొరపాటు జరిగినది. అమ్మ మాట విన్న నా చెల్లెలు ఆ దినముననే బిడ్డకు రొట్టె మాన్పించినది. బిడ్డ పుంజుకొన్నది. కనులార చూచుచుండగా పరీక్ష లెందులకని నేనును ఊరకుంటిని. ఒక యేడు గడచిన పిదప, పెండ్లిండ్లలో ఒక ముక్క తినవచ్చునా, తమ్ముని కూడ పరీక్షింపవలెనా యను ప్రశ్నలు పుట్టగా, నిపుణుడైన వైద్యుని కడకు పోయితిమి. రక్తమున ఆనవాలు లేదు. "గోధుమ మానినందున నయమైనదో, అసలు వ్యాధియే లేదో నేను చెప్పజాలను. మరల కొన్ని వారములు గోధుమ పెట్టి రండు" అని ఆయన అనెను. నా చెల్లెలు తన చేతితో ఆ బిడ్డకు మరల రొట్టె పెట్టినది. నాలుగవ వారమున ఆటలు మాని మంచము పట్టిన పిల్ల, "అమ్మా, ఇది తింటే నాకు నొప్పి వస్తుందని నీకు తెలుసు కదా" అని అడిగెనట. ఆ మాట నా చెల్లెలు నాకు చెప్పినప్పుడు నేను బదులు చెప్పలేకపోయితిని. సకాలమున ఒక్క రక్తపరీక్ష వ్రాసియున్నచో ఆ వారములు ఆ బిడ్డకు తప్పియుండెడివి.

కావున అనుమానము కలిగినవారు గోధుమ తినుచుండగానే వైద్యుని చూడవలెను. మొదట చేయునది టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ అను పదార్థమునకు ఎదురుగా రక్తమున పుట్టిన ప్రతిపదార్థములను కొలుచు పరీక్ష. 1997లో జర్మనీ దేశపు పరిశోధకులు ఈ వ్యాధిలో ప్రతిపదార్థములకు గురియగునది ఈ పదార్థమే యని కనుగొనినందున వ్యాధిని పసిగట్టుట సులభమైనది. ఐ.జి.ఎ. అను రక్షకపదార్థము కొందరికి పుట్టుకతోనే లోపించియుండును; అట్టివారిలో ఈ పరీక్ష నమ్మరానిది గనుక దాని మొత్తమును కూడ తోడనే కొలిపించుకొనవలెను. తరువాత, సాధారణముగా, నోటిద్వారా సన్నని గొట్టము పంపి చిన్నప్రేవు మొదటిభాగమునుండి రవంత ముక్కలు తీసి సూక్ష్మదర్శినితో చూతురు. జన్యుపరీక్ష వ్యాధి యున్నదని చెప్పజాలదు. ఆ జన్యువులు లేనిచో వ్యాధి దాదాపు ఉండదని మాత్రము చెప్పును. ఇదివరకే గోధుమ మానినవారు వైద్యుని కనిపెట్టుకొని మరల కనీసము ఆరు వారములు తినిన పిదప పరీక్ష చేయించుకొనవలసి యుండును.

వ్యాధి నిశ్చయమైన పిదప మందు లేదు, పథ్యమే మందు. ఇందు మాత్రము తెలుగువాడు అదృష్టవంతుడు. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, పప్పుదినుసులు—వీనిలో గ్లూటెన్ లేదు. ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి నిర్భయముగా తినవచ్చును. సున్నుండలు, అరిసెలు, పూతరేకులు ఉండగా తీపికి లోటు లేదు. మానవలసినవి చపాతీ, పూరీ, బొంబాయి రవ్వ ఉప్మా, గోధుమ సేమియా, రొట్టె, బిస్కత్తులు, మైదాతో చేయు కాజాలు, బొబ్బట్లు, బార్లీ గంజి, మాల్టు కలిపిన పానీయపు పొడులు.

దాగిన శత్రువులు వేరుగా నున్నవి. అంగడిలో దొరకు కూటయింగువలో తరచుగా గోధుమపిండి కలుపుదురు. పొట్లముపై వ్రాత చదువవలెను. పిండిమరలో గోధుమ పట్టిన వెంటనే జొన్నలు పట్టించినచో ఆ జొన్నపిండి పనికిరాదు. ఇంటనే విసరుకొనుటయో, వేరు మర చూచుకొనుటయో చేయవలెను. చపాతీ పెనముపై దోసె పోయరాదు. దినమునకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్, అనగా చపాతీలో చిటికెడైన కాని తునక, నెలల తరబడి లోనికి పోయినచో ప్రేవును పాడుచేయునని పరీక్షించి చూచిరి. అంగడి సరకుపై "గ్లూటెన్ రహితము" అని వ్రాయుటకు కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు నియమము.

సత్యనారాయణస్వామి వ్రతప్రసాదము గోధుమనూకతో చేయుదురని మీరెరుగుదురు. ప్రసాదము వలదనుట యెట్లని మా చెల్లెలు మొదట బాధపడెను. మా అమ్మయే దారి చూపినది. బిడ్డ ప్రసాదమును కన్నుల కద్దుకొని తమ్మునికిచ్చును. అరటిపండు తాను తినును. స్వామి ఇంతవరకు కోపింపలేదు.

ఆ బిడ్డ ఇప్పుడు తల్లికంటె పొడవు. పెండ్లికి పోవునప్పుడు తన డబ్బాలో జొన్నరొట్టెలు పెట్టుకొని పోవును. అడిగినవారికి సిగ్గుపడక కారణము చెప్పును. తమ్మునికి పరీక్ష జరిగినది. అతనికి వ్యాధి లేదు.

మీ యింట మందులకు లొంగని రక్తహీనత గాని, ఎదుగని బిడ్డ గాని, వేసవికి బాగుపడి చలికాలమునకు చెడు కడుపు గాని యున్నచో, నీటిని పొగడుటయో దిష్టి తీయుటయో చాలించి, ఆ మనిషి విస్తరివంక ఒకమారు చూడుడు. చూచి, విస్తరిని మార్చక మునుపే వైద్యుని అడుగుడు. వైద్యుడు నావలె తొందరపడి మిమ్ము మందలించినచో, రక్తపరీక్ష చేయింపుమని మర్యాదగా మరల అడుగుడు. సెలవు.